ఇంట్లో చదివే మంజుల

మొన్న మా చర్చిలో ఆరాధన అయ్యాక ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, తనకు లైబ్రరీలో ఉద్యోగం వచ్చిందని చెప్పింది. "మంచి ఆరాం నౌకరీ గదా ఆంటీ. ఫ్యాన్ కింద కూసొని చదువుకోవచ్చు" అంది. నాకు నవ్వొచ్చింది. ముప్పై ఆరేళ్ల సర్వీసులో డ్యూటీ కుర్చీలో కూర్చుని నేను పూర్తి చేసిన పుస్తకాలు చేతివేళ్లకు మించవు. మిగతా కాలమంతా ఎవరు ఏం చదువుతున్నారో చూడటంతోనే సరిపోయింది. ఆ మాట ఆమెకు చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాలనుకున్నాను గానీ, అది చర్చి గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి కాదు. ఇంటికి వచ్చి, ఆమెలా ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం రాయడం మొదలుపెట్టాను.

ప్రమోషన్లు, కమిటీ తగాదాలు వదిలేస్తున్నాను. పుస్తకాలకు నంబర్లు ఎలా వేయాలో మీకు కాలేజీలో నేర్పుతారు. కాలేజీలో నేర్పని దాని గురించే నేను రాయాలి.

మా సారు

నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వైపు వెళ్లే సందుల్లో ఒకదానిలో మా లైబ్రరీ ఉండేది. ఇప్పటికీ ఉంది, పేరు మాత్రం చెప్పను. మేడ మీద మేము. కింద నేను చేరినప్పుడు టైపింగ్ ఇన్‌స్టిట్యూట్, తర్వాత జిరాక్స్ షాపు, ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. రైళ్ల అనౌన్స్‌మెంట్లు పైదాకా వినిపించేవి. కొత్తలో చిరాకు పడేదాన్ని. తర్వాత తర్వాత గోడ గడియారం వైపు చూడటం మానేసి, ఏ బండి వచ్చిందో విని టైం చెప్పేదాన్ని.

లైబ్రేరియన్ రాజేశ్వర్‌రావు సారుది పాత హైదరాబాద్ కుటుంబం. ఇస్త్రీ చొక్కా, కోపం రెండూ ఎప్పుడూ నలగవు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండిపోయేది. ఆయన సొంతంగా చదివేది అపరాధ పరిశోధన నవలలు మాత్రమే, అది కూడా చివరి పేజీ ముందు చూసుకుని. కానీ పని విషయంలో ఆయనకు ఆయనే సాటి. నేను మెదక్ నుంచి వచ్చి చేరిన మొదటి వారంలోనే చెప్పారు.

"సుగుణా, పుస్తకాల గురించి నీకు రెండు ముక్కలు తెలిసినా నడుస్తది. కార్డు చదవరాకపోతే మాత్రం ఈ నౌకరీ దండుగ."

అప్పట్లో ప్రతి మెంబరుకూ ఒక పొడవాటి అట్ట కార్డు ఉండేది. అది మా దగ్గరే, చెక్క సొరుగులో ఉండేది. తీసుకెళ్లిన పుస్తకం పేరు, తేదీ ఒకదాని కింద ఒకటి రాసేవాళ్లం. నిండితే వెనక ఇంకొకటి కుట్టేవాళ్లం. చిన్నప్పుడే చేరి పెద్దయ్యేదాకా ఉన్నవాళ్ల కార్డులు కట్టలు కట్టలుగా ఉండేవి. పైనుంచి కిందికి చదివితే ఆ మనిషి ఎలా పెరిగిందీ అందులో కనిపించేది.

ఆరేళ్ల పిల్ల ఒకే పుస్తకాన్ని పదిసార్లు తీసుకెళ్తుంది, ఈసారైనా కథలో జింక బతుకుతుందేమో అన్నట్టు. తొమ్మిదేళ్లకు రాక్షసులు, మాయలు కావాలి. పదకొండుకు రాక్షసులు పోయి దొంగలు వస్తారు. పదమూడు దాటితే బొమ్మలున్న పుస్తకాన్ని ముట్టుకోరు, ఎవరైనా చూస్తే పరువు పోతుందని. పదిహేనుకు నవల వెళ్లి లెక్కల పుస్తకం అట్టలో దూరుతుంది. ఇరవైకి ఉద్యోగాల గైడ్లు. ముప్పైకి చాలామంది అసలు కనిపించరు. ముప్పై అయిదుకు వాళ్ల పిల్లల్ని తీసుకొచ్చి, పిల్లల అల్మరా దగ్గర పిల్లల కంటే ఎక్కువసేపు వాళ్లే నిలబడతారు. యాభైకి షుగరు, బీపీ, భగవంతుడు.

"చిన్నోల్లు తర్వాత ఏమైతదని చదువుతరు. పెద్దోల్లు ఎందుకు అట్లయిందని చదువుతరు. గంతే తేడా" అనేవారు సారు. చాలాకాలం నేను దాన్ని వేదవాక్కులా నమ్మాను.

కనిపించని మెంబర్లు

మా లైబ్రరీకి ఒక ఆనవాయితీ ఉండేది. మెంబర్లలో సగంమంది, ముఖ్యంగా ఆడవాళ్లు, మెట్లెక్కి వచ్చేవాళ్లు కాదు. భర్తో, అన్నో, తండ్రో ఆఫీసు నుంచి వెళ్తూ వచ్చి, "ఇంట్ల చదివేటోల్లకు ఒకటి ఇయ్యండి" అనేవాళ్లు. ఏ పుస్తకం అంటే తెలియదు. మేమే కార్డు చూసి, పోయినసారి ఇచ్చినదాన్ని బట్టి ఎంచి ఇవ్వాలి. అలాంటివాళ్లను మేం ఇంటి పాఠకులు అనేవాళ్లం. ముఖం చూడకుండా వాళ్లకు ఏం నచ్చిందో తెలుసుకోవడానికి మాకున్న ఆధారం వెనక్కి వచ్చిన పుస్తకమే. ఎక్కడ పసుపు మరక ఉంది, ఏ పేజీ దగ్గర అగ్గిపుల్ల మిగిలిపోయింది, ఏ అధ్యాయం నలిగింది, ఏది కొత్తగానే ఉంది అని చూసేవాళ్లం.

బేగంబజార్‌లో గిన్నెల కొట్టు ఉన్న ఒకాయన ఇంటికోసం మూడేళ్లు పుస్తకాలు తీసుకెళ్లాడు. కొత్తగా పెళ్లయిన పిల్ల అయి ఉంటుందని నా అంతట నేనే ఊహించేసుకుని, వరసపెట్టి ప్రేమకథలు పంపాను. ఒకరోజు డెబ్బై ఏళ్ల పెద్దామె రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఆయన తల్లి.

"నువ్వేనా బిడ్డా పుస్తకాలు పంపేది? మూడేండ్ల సంది చూస్తున్న, పిల్ల పిల్లగాడు, పిల్ల పిల్లగాడు. నా మొగడు పోయి ఇరవై ఏండ్లాయె. దయ్యాల కథలు లేవా నీ కాడ?"

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఆ రోజు సారు నవ్విన నవ్వు కింద టైపింగ్ నేర్చుకునేవాళ్లకు కూడా వినిపించి ఉంటుంది. అయితే నవ్వాక ఆయన ఒక హెచ్చరిక చేశారు. ఇంటి పాఠకుల గురించి ఆరా తీయొద్దని. ఎవరు, ఎంత వయసు, ఎందుకు రారు అని అడగకూడదు. అంతకుముందు ఆయనే ఒక భర్తను "మీ ఆమెకు పుస్తకం నచ్చిందా?" అని అడిగితే, ఆ మనిషి అనుమానంతో కార్డే మూయించుకుని వెళ్లాడట. కొత్తగా వచ్చేవాళ్లకు నేనూ ఇదే చెప్పేదాన్ని. చాలా మర్యాదైన సలహా. నా సర్వీసులో నేను చేసిన పెద్ద తప్పు ఆ మర్యాదలోంచే వచ్చింది.

మంజుల

నేను చేరిన ఆరో ఏడు అనుకుంటా, గౌలిగూడ నుంచి నర్సింగ్‌రావు అనే ఆయన కూతుర్ని తీసుకుని వచ్చాడు. బస్సుల ఆఫీసులో గుమాస్తా. మెత్తటి మనిషి. కూతురు మంజులకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. నోట్లో నువ్వుగింజ నానదు. శనివారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చేవాళ్లు. పిల్లల అల్మరా పక్కన పాత బల్ల ఒకటి ఉండేది. ఆమె దాని కిందికి దూరి కాళ్లు బయటికి చాపి చదివేది. తండ్రి పేపరు చూసుకుంటూ అయిదింటిదాకా కూర్చునేవాడు.

ఎక్కడిదాకా చదివిందో గుర్తుకోసం పేజీ మూల మడిచేది. "పుస్తకానికి చెవులు మెలిపెట్టకు బిడ్డా" అని ఒకసారి కోప్పడి, వాళ్ల నాన్న జేబులోని బస్సు టికెట్ తీసి పేజీలో పెట్టి చూపించాను. అప్పట్నుంచి ఏ పుస్తకం వచ్చినా లోపల బస్సు టికెట్ ఉండేది.

ఒక శనివారం ఆయన ఒక్కడే వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఇంకొకటి పెట్టుకున్నాడు. తొందరలో ఉన్నాడేమో అనుకున్నాను.

"పాప రాలేదేంది?" అన్నాను.

ఆయన బల్ల కిందికి చూశాడు. "ఇంట్ల ఉన్నది మేడం" అన్నాడు. చేతిలో పుస్తకం కౌంటరు మీద పెట్టి, "ఆమెకు ఒకటి ఇయ్యండి" అన్నాడు.

ఇచ్చాను. మరుసటి శనివారమూ ఆయన ఒక్కడే. ఆ తర్వాతా అంతే. ఒంట్లో బాగాలేదేమో, లేక అమ్మమ్మ ఆడపిల్లకు తిరుగుళ్లేంటి అందేమో అనుకున్నాను. అడగలేదు. మంజుల ఇంటి పాఠకురాలు అయిపోయింది. నేను ఆమెకోసం పుస్తకాలు ఎంచడం మొదలుపెట్టాను.

సాఫుగా పెరిగిన కార్డు

ఆ పని నాకు ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. రాక్షసుల నుంచి దొంగలకు తీసుకొచ్చాను. పన్నెండు నిండుతోందని ఒక బొమ్మల పుస్తకం ఆఖరిసారిగా పెట్టి పంపితే, టికెట్ నాలుగో పేజీ దగ్గరే ఉండి తిరిగొచ్చింది. "బొమ్మలున్నవి వద్దంటున్నది మేడం" అన్నాడు నర్సింగ్‌రావు కొంచెం గర్వంగా. పదహారుకు సీరియల్ నవలలు పంపాను. రెండేళ్లు వాటిమీదే ఉంది. పంతొమ్మిదికి విసుగొచ్చింది. "ఏడుపులు వద్దట" అన్నాడు. అప్పుడు చరిత్ర ఇచ్చాను, యాత్రలు ఇచ్చాను. ఇరవై మూడులో, "పెండ్లితోటి అయిపోయే కథలు వద్దట. పెండ్లయినంక ఏమైతదో ఉన్నది కావాల్నట" అన్నాడు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారేమోనని నవ్వుకున్నాను. ముప్పై వచ్చేసరికి నేను చదవడానికి జంకే లావు పుస్తకాలు కూడా ఆమె రెండు వారాల్లో తిప్పి పంపేది.

సారు రిటైరయ్యే ముందు ఒకరోజు ఆ కార్డు కట్ట చేతిలోకి తీసుకుని మొత్తం చదివారు. "ఇంత సాఫుగ పెరిగిన కార్డు నా జిందగీల చూడలే సుగుణా" అన్నారు. మెచ్చుకోలు అనుకుని పొంగిపోయాను. ఆయన మొహంలో మెచ్చుకోలు లేదని ఇప్పుడు గుర్తొస్తుంది. కట్ట మూసి, చేతులు రుమాలుతో తుడుచుకున్నారు.

ఆ తర్వాత కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ నేను మంజుల కార్డు చూపించి పాఠం చెప్పాను. చూడండి, చదివేవాళ్ల రుచి ఇలా మెట్టు మెట్టుగా మారుతుంది, మనం ఒక మెట్టు ముందు ఉండాలి అని. అందరూ రాసుకున్నారు. ఆ కార్డులో ఏది లేదో ఎవరం చూడలేదు. వేరే ఏ పిల్ల కార్డు తీసినా మధ్యలో గుంటలు ఉంటాయి. చికెన్‌పాక్స్ వచ్చి నెల, పరీక్షలకు రెండు నెలలు, పెళ్లికి ఒక ఏడాది. చెల్లి పుట్టిన కొత్తలో పన్నెండేళ్ల పిల్ల మళ్లీ ఆరేళ్లవాళ్ల పుస్తకాలు అడుగుతుంది. ప్రేమలో దెబ్బ తిన్నవాడు ఒకే పుస్తకం మూడుసార్లు తీసుకుంటాడు. జడ్జిగా పనిచేసి రిటైరైన ఒకాయన పేపరు అడ్డం పెట్టుకుని కోతుల కథలు చదివేవాడు. బతికున్నవాళ్ల రుచి వంకరటింకరగా పోతుంది. మంజుల ఇరవై ఆరేళ్లలో ఒక్క శనివారం తప్పలేదు, ఒక్క మెట్టు వెనక్కి దిగలేదు.

సునీత వచ్చిన మధ్యాహ్నం

సునీత అని చిన్నప్పుడు మా మెంబరే. తన కొడుకును చేర్పించడానికి వచ్చింది. పాత కార్డు తీసి చూపిస్తే మురిసిపోయింది. ఆమెదీ గౌలిగూడే, మంజుల చదివిన బడే. నోరు ఊరుకోక, "మీ క్లాస్ మంజుల ఇంకా మన దగ్గరే చదువుతున్నది తెలుసా? నీకంటే బుద్ధిమంతురాలు" అన్నాను.

"ఏ మంజుల మేడం?"

"నర్సింగ్‌రావు బిడ్డ."

సునీత పిల్లవాడి చెయ్యి పట్టుకుంది. "మంజుల మూడో తరగతిలనే చనిపోయింది గదా మేడం. మెదడుకు జరమొచ్చి, దవాఖానల మూడు దినాలే ఉన్నది. మాకు బడి బంద్ చేసిన్రు. నేను మా అమ్మతోటి చూడనీకి పోయిన."

పొరపడి ఉంటుందన్నాను. ఆమె వాదించలేదు. దాంతో నాకు తెలిసిపోయింది.

ఆమె వెళ్లాక సొరుగు తెరిచి కార్డు కట్ట ముందు వేసుకున్నాను. పట్టపగలు, ఫ్యాన్ తిరుగుతోంది, కింద ఎవరో ఫోను కవరు బేరమాడుతున్నారు. మొదటి కార్డులో ఎనిమిదేళ్ల వయసు దగ్గర ఒక్క ఖాళీ అయినా దొరుకుతుందని వెతికాను. లేదు. ఆమె చనిపోయిన వారం కూడా పుస్తకం వెళ్లింది. ఆ వరస నా చేతిరాతే. తర్వాత అల్మరాల దగ్గరికి వెళ్లి ఆమె కార్డులో ఉన్న పుస్తకాలు ఒక్కొక్కటీ తీసి చూశాను. పిల్లల పుస్తకాల్లో మడత గుర్తులు మామూలే. కానీ లావు పుస్తకాల్లోనూ, ఎవరూ ముట్టని చరిత్రల్లోనూ, అక్కడక్కడా పేజీ మూల ఒకటి లోపలికి చిన్నగా మడిచి, మళ్లీ తప్పు గుర్తొచ్చినట్టు సాపు చేసి ఉంది. ఎనిమిదో పుస్తకం తర్వాత ఆపేశాను.

మా ఇంట్లో చనిపోయినవాళ్లు నిద్రపోతున్నారని నేర్పారు. పిలుపు వచ్చేదాకా లేవరు. నేను అది నమ్మేదాన్ని, ఇప్పటికీ నమ్ముతాను. ఆ మధ్యాహ్నం మాత్రం బల్ల కిందికి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

నర్సింగ్‌రావు చెప్పింది

శనివారం ఆయన వచ్చాడు. అప్పటికే రిటైరయ్యాడు. మెట్లెక్కి కాసేపు ఆయాసపడి పుస్తకం బల్ల మీద పెట్టాడు. నేను దాన్ని ముట్టుకోలేదు.

"నర్సింగ్‌రావు గారూ, సునీత వచ్చింది. మంజుల క్లాస్‌మేట్" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తప్పించుకోవడానికి ఏమీ ప్రయత్నించలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుందని కాచుకున్నవాడిలా ఉన్నాడు.

"పదకొండో దినం కూడా కాలే మేడం. కళావతి, మా ఇంటామె, శనివారం గదా, పాప పుస్తకం మార్చాల్నని లేసి కూసున్నది. మూడు దినాల సంది నోరు తెరవనిది గా మాట అన్నది. నేనేం అనాలె? పుస్తకం తీస్కొని వచ్చిన. వాపస్ ఇచ్చి, కార్డు బంద్ చేయించి పోదామని వచ్చిన. మీరేమో పాప రాలేదేంది అన్నరు. ఇంట్ల ఉన్నదన్న. ఇంకో మాటకు నోరు తిరగలే."

"తర్వాతైనా చెప్పొచ్చు గదా."

"చెప్దామనే వస్తుంటి. కానీ మీరు మరుసటేడు జర పెద్ద పుస్తకం ఇచ్చిన్రు. ఆ పై ఏడు ఇంకా పెద్దది. మాకు తొలుత సమజ్ కాలే. తర్వాత కళావతే అన్నది, సూడు, పాప పెరుగుతున్నదని. మేమైతే ఎనిమిదేండ్ల కాడనే పట్టుకొని కూసుందుము మేడం. ఆమెను పెంచింది మీరు."

నాకు ఏడుపు వచ్చింది. ఉద్యోగంలో కౌంటరు దగ్గర ఏడవడం అదే మొదలు, అదే ఆఖరు. కోపం కూడా వచ్చింది, ఆయన మీద కాదు. ఆ రోజు పాప రాలేదేంది అని అడగకుండా ఉంటే, లేదా తర్వాత ఇంకొక్కసారి అడిగి ఉంటే అని నా మీదే.

భార్య పొద్దున్న వంట అయ్యాక పుస్తకం పైకి చదివేదట. పాపకు నచ్చిందో లేదో ఆమే చెప్పేదట. బొమ్మలు వద్దన్నదీ, ఏడుపులు వద్దన్నదీ ఆమె నోటినుంచి వచ్చినవే. ఇది విన్నాక నా మనసు కొంచెం కుదుటపడింది. తల్లి చదివింది, తల్లి మడిచింది, సరే. "కళావతి గారిని ఒకసారి చూస్తాను, తీస్కపోండి నన్ను" అన్నాను.

"ఆమె పోయి ఏడాది దాటింది మేడం."

బల్ల మీద పుస్తకం వైపు చూశాను. మధ్యలో బస్సు టికెట్ కొస కనబడుతోంది.

"మరి మీరు చదువుతున్నరా?"

"నాకు పేపరే ఎక్కువ. నేను ముట్టను. తీస్కపోయి పాప జాగల పెడ్త, మొదటి పేజీల టికెట్ పెట్టి. శుక్రవారం నాటికి అది జరిగి ఉంటది. ఎట్లనో నేను సోంచాయించలే." నా మొహం చూసి ఆయన నన్నే ఓదార్చాడు. "భయమేంది మేడం. మా పిల్లనే గదా."

కార్డు మూసే రోజు

సరిగ్గా ఆ నెలలోనే కొత్త ఇన్‌చార్జి వచ్చాడు. కుర్రవాడు, పనిమంతుడు, అతన్ని తప్పుపట్టను. కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి, ప్రతి మెంబరూ స్వయంగా వచ్చి ఫోటో దిగాలి, రానివాళ్ల కార్డులు రద్దు అని నోటీసు పెట్టాడు. ఇంటి పాఠకుల ఆనవాయితీ ఆ నోటీసుతో పోయింది. కొందరు ఆడవాళ్లు మొదటిసారి మెట్లెక్కి వచ్చారు, చూస్తే ఆనందం వేసింది. నర్సింగ్‌రావు మాత్రం నోటీసు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"కార్డు బందైతే ఆమె రెండోసారి పోతది మేడం" అన్నాడు. గొంతు పెంచలేదు, బతిమాలలేదు.

అప్పుడు నేను చేసిన పని సరైందో కాదో మీరే తేల్చుకోండి. మంజుల కార్డు రద్దయింది, నా చేత్తోనే అడ్డగీత కొట్టాను. దానికి బదులు నా స్టాఫ్ కార్డు మీద ప్రతి శనివారం ఒక పుస్తకం తీసి ఆయనకు ఇచ్చాను. ఆయన ఉన్నంతకాలం నాలుగేళ్లు అలాగే జరిగింది. చివరి ఏడాది మోకాళ్లు సహకరించక, నేనే గౌలిగూడకు పట్టుకెళ్లేదాన్ని. ఆయన పోయే ముందు నన్ను అడిగింది ఒక్కటే, "తర్వాత ఎవరు తెస్తరు మేడం?" నేను తెస్తానన్నాను. ఆ నెలలోనే నేనూ రిటైరయ్యాను.

మా పాస్టరు గారిని ఈ సంగతి అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు. తెలిసింది అడగడం ఎందుకు?

ఇప్పుడు

ఇప్పుడు శనివారాలు నేను మామూలు మెంబరులా మా లైబ్రరీ మెట్లెక్కుతాను. పుస్తకం నేను ఎంచను. మళ్లీ నా చేత్తో ఆమెను పెంచాలని లేదు. కౌంటరులో ఉండే అమ్మాయితో, "ఇంట్లో ఒకామె ఉంది, నువ్వే చూసి ఇయ్యమ్మా" అంటాను. ఆమెకు కార్డు చదవడం రాదు, చేతికి దొరికింది ఇస్తుంది. మంజుల రుచి ఇప్పుడు వంకర పోయింది. ఒక పుస్తకం మూడు నెలలు పెట్టుకుంది. ఒకటి రెండోసారి తెప్పించుకుంది. ఇంకొకటి పది పేజీల దగ్గర వదిలేసింది. ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటాను, ఆ పుస్తకాలు నేను తెరవను. కిటికీ గాలికి టికెట్ జరిగిందంటారేమో. గాలి వరసగా రోజుకు ఇరవై పేజీలు చదవదు.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చే మీకు నేను చెప్పేది ఇదే. చదివేవాళ్లు మీరు అనుకున్నట్టు పెరగరు, వాళ్లను మెట్లెక్కించకండి. ఎవరైనా ఒక్క వారం రాకపోతే అడగండి. రెండోసారి కూడా అడగండి. మర్యాద తప్పినా పర్వాలేదు.

పోయిన శనివారం పుస్తకం మార్చుకుంటుండగా, "ఈసారి జర పెద్ద అక్షరాలది ఇయ్యమ్మా, చిన్నవి కండ్లకు ఆనుతలేవట" అన్నాను. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. నాకోసం అన్నది కాదు, నా రెండు కళ్లకూ ఆపరేషన్ అయి సూదిలో దారం ఎక్కిస్తున్నాను.

"ఆమెకు ఎంత వయసుంటది మేడం?" అంది కౌంటరు అమ్మాయి.

వేళ్ల మీద లెక్క వేశాను. "నలభై రెండు."

"నలభై దాటితే అంతే మేడం, మా అమ్మకు గూడ గట్లనే అయింది. అద్దాలు తీస్కపోండి" అని పుస్తకం నా చేతిలో పెట్టింది.

ఆబిడ్స్‌లో కళ్లద్దాల షాపుకు వెళ్లాను. ఎవరికి అని అడిగారు. నలభై రెండేళ్ల ఆడమనిషికి, మొదటిసారి పెట్టుకుంటుంది అని చెప్పాను. ఆ వయసుకు మొదట ఇచ్చే నంబరే ఇచ్చారు, సన్నటి ఫ్రేము. ఇంటికొచ్చి, మొదటి పేజీలో టికెట్ పెట్టి, పక్కన కళ్లజోడు మడిచి పెట్టాను. తెల్లారి కాఫీ పెట్టుకోవడానికి లేచి చూస్తే అది విప్పి ఉంది.